బోర్డు ఎక్కడ పెట్టాలి? బండ్లు లెక్కపెట్టి చూడు!

"రోజుకు లక్ష బండ్లు పోతయన్నా ఈ రోడ్డు మీద. ఒక్కొక్కడు ఒక్కసారి చూసినా సరే, నెలకు ముప్పై లక్షల చూపులు. నీ షాపు పేరు కరీంనగర్ల తెల్వనోడు ఉండడు."

హోర్డింగులు అద్దెకిచ్చే ఏజెంటు మా పెద్దమ్మ కొడుకుతో అన్న మాటలివి. మా అన్న మంకమ్మతోటలో బైక్ సర్వీసింగ్, స్పేర్ పార్ట్స్ దుకాణం పెట్టాడు. దుకాణం లోపలి గల్లీలో ఉంది. జనాలకు తెలియాలంటే బోర్డు కావాలి. ఏజెంటు చూపించిన సైటు అలుగునూరు వైపు, రాజీవ్ రహదారి మీద, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఎదురుగా కనిపించే 40 అడుగుల ఫ్లెక్స్. మూడు నెలల అద్దె ముందే కట్టాలి. అన్న దగ్గర ఉన్నదే కొంచెం, అందులో సగం అప్పు.

"లక్ష బండ్లు అని నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"ఆయనే చెప్పిండు."

"ఆయనకెవరు చెప్పిన్రు?"

అన్న నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాతి శనివారం పొద్దున ఇద్దరం ఫోన్లు, ఒక నోట్‌బుక్కు పట్టుకుని రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. మళ్లీ మంగళవారం కూడా. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా. ఏదైనా షాపు పెట్టాలనుకుంటున్నారా? ఇన్‌స్టాలో రీల్‌కు ఎన్ని వ్యూస్ వచ్చాయో రోజూ చూసుకునే బ్యాచా మీరు? రోడ్డు మీది వ్యూస్ ఎలా లెక్కేస్తారో కూడా ఓ లుక్కేయండి.

నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత

బండ్లు లెక్కపెట్టడం రోడ్లు వేసే ఇంజినీర్ల పని. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, తారు ఎంత మందం వేయాలి, వంతెన కావాలా వద్దా... అన్నిటికీ మొదలు ఆ లెక్కే. పద్ధతి చాలా సింపుల్. రోడ్డు పక్కన మనిషి కూర్చుంటాడు. చేతిలో కాగితం, దాని మీద గడులు: బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు. బండి పోయినప్పుడల్లా ఒక గీత. ఐదోది అడ్డగీత. పావుగంటకోసారి కొత్త వరుస. రెండు దిక్కులకు రెండు కాగితాలు.

ఊళ్ల బయటి రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే ఒక పద్ధతి రాసిపెట్టింది. ఏడు రోజులు వరుసగా, 24 గంటలూ లెక్కపెట్టాలి. అదీ ఏడాదికి రెండుసార్లు: ఒకసారి పంట కోసి మార్కెట్‌కు తోలే సీజన్‌లో, ఇంకోసారి రోడ్లు ఖాళీగా ఉండే కాలంలో. ఆ రెండో మాట గుర్తుపెట్టుకోండి. ఆదిలాబాద్ దగ్గరికి వెళ్లినప్పుడు అదే పనికొస్తుంది.

ఈ లెక్కను ప్రకటనల వాళ్లు వాడుకోవడం కూడా కొత్తేం కాదు. అమెరికాలో 1933లోనే ట్రాఫిక్ ఆడిట్ బ్యూరో అని ఒకటి పెట్టారు. మన ఏజెంటు లాంటివాళ్లు చెప్పే అంకెను నమ్మాలా వద్దా అన్న గొడవ అక్కడా ఉండేదన్నమాట!

మేం చేసిన మొదటి తప్పు ఏంటంటే, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా లెక్కపెట్టి, దాన్ని 24తో గుణించడం. అన్న కండ్లు మెరిసినయ్. "అరే, ఏజెంటు చెప్పింది దగ్గర్దగ్గర కరెక్టే కదా!" అన్నాడు. కానీ రాత్రి రెండింటికి కూడా అంతే రద్దీ ఉంటుందా? సాధారణంగా రోజంతా పోయే బండ్లలో 8 నుంచి 10 శాతం ఆ ఒక్క రద్దీ గంటలోనే పోతాయి. అంటే రద్దీ గంటను పదితోనో పన్నెండుతోనో గుణిస్తే రోజు లెక్క వస్తుంది. 24తో గుణిస్తే డబుల్ అవుతుంది. మరి ఏజెంట్ల లక్షలు ఎక్కడినుంచి పుడతాయో నాకైతే అప్పుడే అనుమానం వచ్చింది.

లారీ రోడ్డును నింపుతుంది, షాపును కాదు

ఇంజినీర్ల కాగితాల్లో ఇంకో మాట కనిపిస్తుంది. పీసీయూ. అంటే అన్ని బండ్లనూ కార్ల లెక్కలోకి మార్చడం. కారు 1 అయితే బైకు 0.5, బస్సు, లారీ 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.5. ఎడ్లబండికి ఏకంగా 8! ఇవి పల్లె రోడ్లకు 1990లో రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన అంకెలు. ఎడ్లబండికి అంత పెద్ద అంకె ఎందుకంటే, అది నెమ్మదిగా పోతూ వెనకున్న అందరినీ ఆపుతుంది కాబట్టి.

రోడ్డు వేసేవాడికి ఈ లెక్క బంగారం. బోర్డు పెట్టేవాడికి మాత్రం ఇందులోనే దెబ్బ ఉంది. ఎవరైనా మీకు 'ఈ రోడ్డుకు ఇన్ని వేల పీసీయూ' అని కాగితం చూపిస్తే ఆగండి. పీసీయూ కొలిచేది రోడ్డు మీద పట్టే జాగాను. కండ్లను కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవే. ఒక గంటలో హైవే మీద 200 ట్రాలీ లారీలు, 100 కార్లు, 200 బైకులు పోయాయనుకోండి. ట్రాలీ లారీకి 4.5 చొప్పున మొత్తం 1,100 పీసీయూ. ఊరి లోపలి రోడ్డు మీద 1,200 బైకులు, 200 ఆటోలు, 20 బస్సులు పోతే 860 పీసీయూ. కాగితం మీద హైవేదే గెలుపు. ఇప్పుడు మనుషులను లెక్కపెడదాం. లారీకి ఇద్దరు, కారుకు ముగ్గురు, బైకుకు ఒకటిన్నర చొప్పున వేస్తే హైవే మీద వెయ్యి మంది. లోపలి రోడ్డు మీద బైకుల వాళ్లే 1,800. ఆటోకు ముగ్గురు, బస్సుకు యాభై వేసుకుంటే మరో 1,600. మొత్తం 3,400. మూడింతలు దాటింది!

అందులోనూ మా అన్నది బైకుల దుకాణం. గ్రానైట్ లారీ డ్రైవరన్న బోర్డు చూసి ఏం చేస్తాడు, లారీ ఆపి బైకు చైను కొంటాడా?

ఇక్కడే ఇంకో తిరకాసు. హైవే లెక్కలు కావాలంటే టోల్‌గేటు ఉంది కదా, ఫాస్టాగ్ వచ్చాక ప్రతి బండీ కంప్యూటర్‌లో పడుతోంది కదా అనిపిస్తుంది. నిజమే. కానీ జాతీయ రహదారుల మీద టూవీలర్‌కు టోల్ లేదు. అంటే టోల్ లెక్క మాత్రమే చూసేవాడికి బైకు మీద పోయే సగం తెలంగాణ కనిపించదు. ఫోన్‌లో మ్యాప్ చూసి ఎర్రగా ఉన్న రోడ్డే బెస్టు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మ్యాప్‌లో ఎరుపు బండ్లు నెమ్మదిగా పోతున్నాయని చెబుతుంది, ఎన్ని పోతున్నాయో చెప్పదు. గుంతలున్న ఖాళీ రోడ్డు కూడా ఎర్రగానే కనిపించవచ్చు.

నాలుగు సెకండ్ల బతుకు

నెమ్మది అంటే గుర్తొచ్చింది. బోర్డుకు ట్రాఫిక్ జామ్ శత్రువు కాదు, దోస్తు. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో పోయే కారు సెకండుకు 22 మీటర్లు దాటేస్తుంది. బోర్డు 90 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉందనుకుంటే చూసేవాడికి దొరికేది నాలుగు సెకండ్లు. అదే ఊళ్లో 30 స్పీడులో అయితే దాదాపు పదకొండు సెకండ్లు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే చెప్పక్కర్లేదు. బోర్డు మీది ఫోన్ నెంబర్ కంఠతా వచ్చేస్తుంది.

బోర్డులు రాసేవాళ్ల దగ్గర పాత లెక్క ఒకటుంది. అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరానికి బాగా ఆనుతుంది. 300 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం 30 అంగుళాలు ఉండాలి. ఇది ఇంగ్లిష్ పెద్దక్షరాలకు చెప్పినది. మన తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. 'స్పేర్ పార్ట్స్' అని తెలుగులో రాసి చూడండి, ఒత్తు కింద ఒత్తు పడి అసలు అక్షరం చిన్నదైపోతుంది. ఫ్లెక్స్ డిజైన్ చేసే పిల్లలు కంప్యూటర్ స్క్రీన్ మీద చూసి సూపర్ అంటారు. రోడ్డు మీద అది చీమల బారు. మా అన్న డిజైన్‌లో షాపు పేరు, స్లోగన్, మూడు ఫోన్ నెంబర్లు, ఐదు కంపెనీల లోగోలు, మా పెదనాన్న ఫొటో, ఇంకా క్యూఆర్ కోడ్ ఉన్నాయి. బైకు నడిపేవాడు నలభై అడుగుల పైనున్న క్యూఆర్ కోడ్‌ను ఎట్ల స్కాన్ చేస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

దిక్కు కూడా ముఖ్యమే. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం. కాబట్టి ఎడమ పక్క, ఎదురుగా తిరిగి ఉన్న బోర్డు కంటికి తిన్నగా తగులుతుంది. డివైడర్ అవతల కుడి పక్కన ఉన్నదాన్ని ఎదురొచ్చే బస్సులు, లారీలు మాటిమాటికీ మూసేస్తాయి. అలుగునూరు సైటు దగ్గర మేం గమనించిందేంటంటే, ఊళ్లోకి వచ్చేవాళ్లకు అది బాగానే కనిపిస్తుంది. పొద్దున ఊళ్లోకి వచ్చేవాడికి ఆఫీసు టెన్షన్, కాలేజీ టెన్షన్. బైకు సర్వీసింగ్‌కు ఇచ్చే ఆలోచన అప్పుడు రాదు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వస్తుంది. అప్పుడు ఆ బోర్డు వాళ్ల వీపు వెనకాల ఉంటుంది!

రోడ్డు మారితే లెక్క మారుతుంది

కరీంనగర్ వాళ్లకు తెలిసిన ఉదాహరణ తీగల వంతెన. 2023 జూన్‌లో మానేరు మీద ఆ వంతెన తెరిచాక వరంగల్ వైపు పోయేవాళ్లకు అలుగునూరు మీదుగా కాకుండా ఇంకో దారి దొరికింది. అంటే అంతకుముందు ఎప్పుడో లెక్కపెట్టిన అలుగునూరు అంకెను ఇవాళ చెబితే అది పాత క్యాలెండరే. వంతెన మీద సాయంత్రం సెల్ఫీల కోసం వచ్చే జనం సంగతి వేరు. వాళ్ల బండి ఆగి ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. క్యూఆర్ కోడ్ పెట్టాలంటే అలాంటి చోట పెట్టాలి, అదీ మనిషి ఎత్తులో.

ఇంకో మార్పు బండ్ల లెక్కకు అస్సలు అందనిది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఫ్రీ. బస్సుల సంఖ్య అంతే ఉన్నా బస్టాండ్‌లో దిగే ఆడవాళ్లు పెరిగారు. గీతలు గీసేవాడి కాగితంలో బస్సు ఒక్క గీతే, ఖాళీగా పోయినా కిక్కిరిసి పోయినా. చీరల షాపు, బంగారం షాపు పెట్టేవాళ్లు రోడ్డు పక్కన కాదు, కరీంనగర్ బస్టాండ్ బయటి గేటు దగ్గర నిలబడి మనుషులను లెక్కపెట్టాలి.

శివరాత్రికి వేములవాడ, హనుమాన్ జయంతికి కొండగట్టు, ఇక మేడారం జాతర ఏడాది సంగతి సరేసరి. ఆ రోజుల్లో లెక్కపెడితే ఊరంతా మన కస్టమర్లే అనిపిస్తుంది. వారం తర్వాత రోడ్డు మామూలే. చిన్న ఊళ్లలో ఇంకో సంగతి, పోయినవాడే మళ్లీ పోతుంటాడు. 2011 లెక్కల ప్రకారం కరీంనగర్ జనాభా 2.61 లక్షలు. 'నెలకు ముప్పై లక్షల చూపులు' అంటే ముప్పై లక్షల మంది కాదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే అదే మనిషి అరవై సార్లు. అది చెడ్డదేం కాదు, పేరు గుర్తుండాలంటే పదేపదే కనిపించాలి. కానీ ఏజెంటు చెప్పే మాటకు, అసలు మాటకు తేడా తెలిసి డబ్బు కట్టాలి.

ఆదిలాబాద్‌లో పత్తిబండ్ల వెనక

ఆదిలాబాద్‌లో నాకొక దోస్తు ఉన్నాడు, విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతాడు. వాడికి ఫోన్ చేసి ఈ కథంతా చెబితే నవ్వాడు. "భయ్యా, మా దగ్గర నేషనల్ హైవే ఉంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతది. కశ్మీర్ ఆపిల్ లారీ నా బోర్డు చూసి ఏం కొంటది?" అన్నాడు.

వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎన్‌హెచ్ 44 మీద నాగ్‌పూర్, హైదరాబాద్ మధ్య తిరిగే బండ్లు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదుగా వెళ్లిపోతాయి. ఆ అంకె ఎంత పెద్దదైనా అది ఆదిలాబాద్ ట్రాఫిక్ కాదు, ఆదిలాబాద్ పక్కనుంచి పోయే ట్రాఫిక్. హోటల్, పెట్రోల్ బంకు, టైర్ల షాపు వాళ్లకు అది కావాలి. విత్తనాల షాపుకు కావాల్సింది ఉట్నూర్, ఇంద్రవెల్లి, జైనథ్ దిక్కుల నుంచి ఊళ్లోకి వచ్చే రైతు.

ఆ రైతు ఎప్పుడొస్తాడు? విత్తనాలు కొనడానికి వానలకు ముందు, పత్తి అమ్మడానికి దీపావళి ముందూ వెనకా మొదలుపెట్టి చలికాలమంతా. ఆ సీజన్‌లో మార్కెట్ యార్డు ముందు పత్తి నింపిన ట్రాక్టర్లు, బండ్లు బారులు తీరుతాయి. రోడ్స్ కాంగ్రెస్ 'పంట సీజన్‌లో ఒకసారి, ఖాళీ కాలంలో ఒకసారి' అన్నది ఇందుకే. ఆగస్టులో లెక్కపెట్టి ఆ రోడ్డు పనికిరాదంటే తప్పు. డిసెంబర్‌లో లెక్కపెట్టి ఏడాది మొత్తానికి అద్దె కట్టినా తప్పే.

వాడు చేసే పని ఇది: మే నుంచి జులై దాకా రెండు చిన్న బోర్డులు, అంతే. పత్తి సీజన్‌లో పెట్టడు. "అప్పుడు రైతుకు పైసలొస్తయి కద, ఎందుకు పెట్టవు?" అంటే, "అప్పుడాయన మొఖం ధర బోర్డు దిక్కే ఉంటది. నా బోర్డు ఎవడు చూస్తడు" అన్నాడు. పైగా కుప్పగా నింపిన పత్తిబండి లారీ అంత ఎత్తు. దాని వెనక ఏ బోర్డయినా మాయం. ఇంకోటి, వాడి బోర్డు మీద తెలుగుతో పాటు మరాఠీ కూడా ఉంటుంది. ఊళ్లో సగం బేరాలు మరాఠీలోనే నడుస్తాయంటాడు. ఏ బండి పోయిందో గీత చెబుతుంది, లోపలున్నవాడు ఏ భాష చదువుతాడో చెప్పదు.

నాగోబా జాతరప్పుడు కేస్లాపూర్ దారిలో జనమే జనం. అక్కడికి కంపెనీల ఫ్లెక్సులు పోటీపడి వెళ్తుంటాయి. గోండు పెద్దలు వంశాచారంగా చేసుకునే పూజకు వెళ్లే దారిలో సబ్బుల బోర్డులు ఎన్ని అవసరమో నాకైతే డౌటే.

అందరూ చూసే చోటే అడ్డం

ఇంతదాకా చదివి 'సరే, చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర పెట్టేస్తే పోలా' అనుకుంటున్నారా? అక్కడే ఉంది అసలు పేచీ. డ్రైవర్ చూపు ఎక్కువసేపు నిలిచే చోటే, ఆ చూపు రోడ్డు మీద ఉండాల్సిన చోటు కూడా. రోడ్డు పక్క ప్రకటనల మీద రోడ్స్ కాంగ్రెస్ 1972లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడలికి, వంతెనకు 100 మీటర్ల లోపు ప్రకటనలు వద్దంటాయి. ఊళ్లలో కొంచెం సడలింపు ఉన్నా ట్రాఫిక్‌కు ఇబ్బంది కాకూడదన్నది షరతు. మన చౌరస్తాల్లో పుట్టినరోజు ఫ్లెక్సులు చూస్తే ఆ కాగితం ఎవరూ తెరిచినట్టు అనిపించదు, అది వేరే సంగతి.

2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో గాలివానకు పెట్రోల్ బంకు మీద పడిన హోర్డింగ్ గుర్తుందా? 17 మంది చనిపోయారు. 120 అడుగుల పొడవు, అంతే వెడల్పు. అక్కడ అనుమతించే సైజు 40 అడుగులే. పెద్ద రోడ్డు, ఎక్కువ కండ్లు, కాబట్టి ఇంకా పెద్ద బోర్డు అన్న లెక్క ఎక్కడికి తీసుకుపోతుందో అది. మన దగ్గర కూడా మే నెల గాలిదుమారం సంగతి తెలిసిందే. అందుకే సైటు చూపించిన మనిషిని బండ్ల లెక్క కంటే ముందు రెండు కాగితాలు అడగాలి: మున్సిపాలిటీ అనుమతి, ఇనుప ఫ్రేమ్ గట్టిదని ఇంజినీర్ ఇచ్చిన సర్టిఫికెట్. అనుమతి లేని బోర్డును మున్సిపాలిటీ వాళ్లు పీకేస్తే మీ మూడు నెలల అద్దె కూడా దాంతోపాటే పోతుంది. మా ఏజెంటును అడిగితే "అవన్నీ మేం చూస్కుంటం అన్నా" అన్నాడు. కాగితం మాత్రం చూపించలేదు.

అన్న అలుగునూరు సైటు తీసుకోలేదు. దానికి బదులు కాలేజీలు, కోచింగ్ సెంటర్ల పిల్లలు సాయంత్రం తిరిగిపోయే రోడ్డు మీద, అనుమతి కాగితం చూసి, మూడు చిన్న బోర్డులు పెట్టాడు. రెండే మాటలు: 'బైక్ సర్వీసింగ్', కింద మంకమ్మతోట అని బాణం గుర్తు. ఫోన్ నెంబర్ ఒకటే, అదీ ఈ బోర్డుల కోసమే తీసుకున్న కొత్త సిమ్. ఆ నెంబర్‌కు కాల్ వస్తే బోర్డు చూసి వచ్చినట్టే. మా పెదనాన్న ఫొటో తీసేసినందుకు ఇంట్లో వారం రోజులు మాటల్లేవు.

మొదటి నెల మూడింటిలో రెండు బోర్డులు బాగానే పనిచేశాయని అన్న అంటున్నాడు. అటుగా వచ్చిన పిల్లలను "ఏ బోర్డు చూసిన్రు?" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. మూడోదాన్ని చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకో తెలియక మొన్న సాయంత్రం మళ్లీ ఇద్దరం నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లాం. సరిగ్గా ఐదున్నరకు ఒక మిర్చీ బజ్జీల బండాయన వచ్చి, బోర్డు ముందర బండి ఆపి, పైన పెద్ద గొడుగు తెరిచాడు. కాసేపటికే బండి చుట్టూ బైకులు. అన్న బజ్జీలు తింటూ వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.